ముప్పై ఆరు పాయింట్ రెండు

మార్చి మూడో వారంలో గేటు దగ్గర ఒక కుర్చీ వేశారు.
అందులో సూపర్‌వైజర్ ఆర్లిండో,
చేతిలో పిస్తోలు లాంటి తెల్ల థర్మామీటరు.
నుదుటికి గురిపెడతాడు, కీచుమంటుంది, లోపలికి పొమ్మంటాడు.
నాకు ముప్పై ఆరు పాయింట్ రెండు.
డియోలిండాకి ముప్పై ఆరు పాయింట్ రెండు.
బస్సు తప్పి కొండ దిగువ దాకా పరుగెత్తుకొచ్చిన జుల్మీరాకీ అంతే.

మాది పోర్టో ఊరి అంచున ఆసుపత్రి గుడ్డలుతికే లాండ్రీ.
ఎర్ర సంచుల్లో దుప్పట్లొస్తాయి,
ఏ మంచానివో తెలీదు, ఎవరు కప్పుకున్నవో తెలీదు.
మామూలు రోజుల్లో వాటిలో కళ్లజోళ్లు దొరికేవి,
ఒకసారి కట్టుడు పళ్లు.
ఆ వసంతంలో ఏమీ దొరకలేదు.
వెంట ఏదైనా తెచ్చుకునేంత తీరిక ఎవరికీ ఇవ్వలేదేమో.

రాత్రి పూట ఊరు బాల్కనీల్లోకొచ్చి చప్పట్లు కొట్టిందట.
అందులో ఎర్ర సంచులు విప్పేవాళ్ల వాటా ఉందో లేదో
మాకు వినపడలేదు. డ్రైయర్ల హోరు.

యజమాని అబీలియో గారు నోటీసు బోర్డు మీద ఉత్తరం అంటించారు:
"మనమంతా ఒకే కుటుంబం."
దాని కిందే: వారానికి ఒక మాస్కు, సంతకం చేసి తీసుకోవలెను.
"పాపం, ఆయన మాత్రం ఎక్కణ్నుంచి తెస్తాడు,
దుకాణాల్లోనే లేవు కదా" అంది జుల్మీరా.
"కుటుంబమైతే ఆదివారం భోజనానికి పిలవమను" అంది డియోలిండా.
నేనేమీ అనలేదు. నాకు ఇంటి అద్దె ఉంది.
రోజూ రాత్రి ఆ ఒక్క మాస్కునీ ఉతికి
పొయ్యి పైన ఆరేసేదాన్ని,
పగలంతా నాలుగు టన్నులు ఉతికొచ్చిన చేతులతో.

ఏప్రిల్లో ఒక రోజు నిల్జా రాలేదు.
కేప్ వెర్డె పిల్ల, నవ్విందంటే చిగుళ్లన్నీ కనపడతాయి.
ముందు రోజు ఆమె చెయ్యి తగిలింది నాకు,
ఇస్త్రీ రోలరు కంటే వేడిగా.
గేటు దగ్గర ఆమెకీ ముప్పై ఆరు పాయింట్ రెండే.

ఆర్లిండో సిగరెట్‌కి వెళ్లినప్పుడు
డియోలిండా ఆ పిస్తోలు తీసి గోడకి గురిపెట్టింది.
ముప్పై ఆరు పాయింట్ రెండు.
కాఫీ కప్పుకి.
ముప్పై ఆరు పాయింట్ రెండు.
నవ్వాం. చాలాసేపు నవ్వాం.
తర్వాత ఒకరికొకరం దూరంగా జరిగాం.

సగం మందిమి మంచాన పడ్డాక, ఒక రాత్రి
అబీలియో గారే వచ్చారు, చొక్కా చేతులు పైకి మడిచి.
దుప్పటి రోలరుకి అందించారు. ముడత పడింది.
మళ్లీ అందించారు. మళ్లీ పడింది.
అరవై ఏళ్ల మనిషి, వాళ్ల నాన్న పెట్టిన లాండ్రీ,
ఒక్క దుప్పటి మూల పట్టుకోవడం రాదు.
చూపించాను: బొటనవేలు లోపలికి,
అంచు లాగి, వెంటనే వదిలెయ్యాలి,
ఇంకా పట్టుకుంటే వేళ్లు పోతాయి.
నేర్చుకున్నారు. తెల్లారేదాకా నా ఎదురుగా నిలబడ్డారు.
మధ్యలో ఒకసారి
"ఇక్కడ ఇంత వేడని తెలీదు" అన్నారు.
ఇరవై రెండేళ్లుగా చెబుతున్నామండీ అని
నోటిదాకా వచ్చింది. మాస్కు అడ్డం.

జుల్మీరా ఆ రాత్రి సంగతి కళ్లు తుడుచుకుంటూ అందరికీ చెప్పింది.
డియోలిండా ఒక్క వేలెత్తి చూపించింది: ఒక్క రాత్రి.
ఇద్దరి పక్కనా నిలబడగలను నేను.
అందుకే నిద్ర పట్టదు.

ఆ తెల్లవారుజామునే అడిగాను,
ఆయన అరచేతులు ఇంకా ఎర్రగా ఉండగానే:
నిల్జాకి పదకొండు రోజుల జీతం.
"చూద్దాం ఇడలీనా" అన్నారు.
నా పేరు ఆయనకి తెలుసని అప్పుడే తెలిసింది.

మే నెలలో కొత్త థర్మామీటరొచ్చింది,
మనిషికో అంకె చూపిస్తుంది.
నిల్జా వచ్చింది, రెండు మెట్లకే ఆయాసపడుతూ.
జీతం కాగితంలో పదకొండు లేవు, ఆరున్నాయి.
జుల్మీరా ఆరు లెక్కపెట్టింది.
డియోలిండా ఐదు లెక్కపెట్టింది.
నిల్జా ఏమీ లెక్కపెట్టలేదు,
కూర్చోడానికేమైనా ఉందా అని అడిగింది.

మొత్తం లాండ్రీలో ఒక్కటే కుర్చీ.
వెళ్లి ఆర్లిండోని లేవమన్నాను.